రెండు ట్రిగ్గర్లు, ఒక ఏడాది: ఓవర్ అండర్ నుంచి సైడ్ బై సైడ్‌కి మారాక

పోయిన ఏడాది మార్చిలో నేనొక 20 గేజ్ సైడ్ బై సైడ్ కొన్నా, అంటే పక్కపక్కన రెండు గొట్టాలుండే షాట్‌గన్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం). అంతకు ముందు ఎనిమిదేళ్ళు నా చేతిలో ఉన్నది బెరెట్టా 686 సిల్వర్ పిజన్, 12 గేజ్, గొట్టం మీద గొట్టం ఉండే ఓవర్ అండర్. దాంతో నాకు ఏ గొడవా లేదు, ఇప్పటికీ సేఫ్‌లో ఉంది, అమ్మే ఆలోచన కూడా లేదు. కానీ ఇక్కడ డాలస్ చుట్టుపక్కల స్పోర్టింగ్ క్లేస్‌కి (గాల్లోకి విసిరే మట్టి బిళ్ళలు కాల్చే ఆట, ఆ బిళ్ళల్ని కూడా మేం పిట్టలనే అంటాం) వచ్చే మన తెలుగోళ్ళు "అంత మంచి గన్ పెట్టుకుని ఇదెందుకు అన్నా" అని అడగని వారం లేదు, ఒక్కొక్కరికీ కాల్చే స్టేషన్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదిది, ఏడాది పైన వాడాను కాబట్టి ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను, అందుకే మొత్తం ఒకేసారి రాస్తున్నా.

గన్ టర్కీలో తయారైంది. 28 అంగుళాల గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు, పిస్టల్ గ్రిప్ లేకుండా తిన్నగా ఉండే ఇంగ్లిష్ స్టాక్ (భుజానికి ఆనించే చెక్క), మార్చుకునే చోకులు (గొట్టం కొసని బిగించి గుళ్ళు ఎంత విచ్చుకోవాలో చూసేవి), ఖాళీ తూటాల్ని ఎగరేసే ఎజెక్టర్లు లేవు, పైకి లేపి పెట్టే ఎక్స్‌ట్రాక్టర్లే. వెయ్యి డాలర్ల లోపే పడింది. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కొన్ని లోపాలు చెప్తా, నా చేతికొచ్చిన ఒక్క పీస్‌ని బట్టి కంపెనీ మొత్తాన్ని అనడం న్యాయం కాదు, పైగా నేను చెప్పాలనుకున్నది ఈ తరహా గన్ గురించి.

ముందు ఇది నాకెందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. మాది మదనపల్లి పక్క పల్లె. మా తాత, మేం అబ్బ అంటాం, ఆయన దగ్గర లైసెన్స్ ఉన్న 12 బోర్ (అంటే 12 గేజే) డబుల్ బ్యారెల్, డీబీబీఎల్ ఉండేది, ఊళ్ళో అందరూ జోడు గొట్టాల తుపాకి అనేవాళ్ళు. శనక్కాయ చేలో అడివి పందులు దిగితే రాత్రిపూట మంచె మీంచి గాల్లోకి ఒకటి పేల్చేవాడు, అవి బెదిరి గుట్ట వైపు పరిగెత్తేవి. వేట 1972 వన్యప్రాణి చట్టంతోనే ఆగిపోయింది కాబట్టి నేను చూసిందల్లా ఆ గాల్లో పేల్చడమే. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తుపాకిని గుడ్డలో చుట్టి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు, కోడ్ అయిపోయాక వెనక్కి తెచ్చుకుని మొదట చేసే పని తుపాకి తెరిచి గొట్టాలు వెలుగుకి పట్టి చూడటం, నన్ను కూడా పిలిచి చూపించేవాడు, పక్కపక్కన రెండు మెరిసే సున్నాలు. నాకు తుపాకి అంటే ఆ బొమ్మే. ఆయన పోయాక లైసెన్స్ ఎవరూ తమ పేరు మీదికి మార్చుకోలేదు, తుపాకీ పోయింది. ఇక్కడ గ్రీన్ కార్డ్ వచ్చాక మొదటి షాట్‌గన్ కొనేటప్పుడు కూడా నా కళ్ళు వెతికింది జోడు గొట్టాల కోసమే, షాపతను "క్లేస్‌కైతే ఓవర్ అండర్ తీసుకో" అన్నాడు, ఆ మాటలో తప్పేం లేదు, తీసుకున్నా, ఎనిమిదేళ్ళు దాంతోనే నేర్చుకున్నా.

పాత పద్ధతి నిజానికి పక్కపక్క గొట్టాలదే. బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ దగ్గర పనిచేసిన ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పేటెంట్ తీసుకున్న బాక్స్‌లాక్ (పేల్చే యంత్రాంగం) మీదే ఈరోజుకీ బోలెడు సైడ్ బై సైడ్‌లు తయారవుతున్నాయి. ఓవర్ అండర్ మామూలు షూటర్ల చేతికి బాగా వచ్చింది జాన్ మోసెస్ బ్రౌనింగ్ చివరి డిజైన్ సూపర్‌పోజ్డ్‌తో, ఆయన 1926లో బెల్జియంలోని లీజ్‌లో ఫ్యాక్టరీలో ఉండగానే పోయాడు, గన్ 1931లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడైతే ఒలింపిక్స్‌లో మట్టి బిళ్ళలు కాల్చే పోటీలు, ట్రాప్ చూసినా స్కీట్ చూసినా అందరి చేతుల్లోనూ ఓవర్ అండరే, దానికి కారణాలున్నాయి, వాటి గురించి కూడా చెప్తా.

మొదటి తేడా కంటికి తెలుస్తుంది. ఓవర్ అండర్ భుజానికెత్తితే ఎదురుగా కనిపించేది ఒక్క గొట్టం వెడల్పు, దాని మీద సన్నటి రిబ్ (గొట్టం పొడవునా ఉండే పట్టీ), చివర గురికి చిన్న పూస, గీత గీసినట్టుంటుంది. సైడ్ బై సైడ్ ఎత్తితే రెండు గొట్టాల వెడల్పు, మధ్యలో రిబ్ కాస్త లోతుగా, అదంతా కంటికింద పరుచుకుని ఉంటుంది. మొదటి నెలంతా నా కన్ను పిట్ట మీంచి జారి గొట్టాల మీదికి వచ్చేసేది. కన్ను గొట్టం మీదికి వచ్చిందంటే ఆ క్షణమే చెయ్యి ఆగిపోతుంది, చెయ్యి ఆగిందంటే పిట్ట వెనకాల గాల్లో కొట్టినట్టే. ఓవర్ అండర్‌తో కూడా ఇది తప్పే కానీ ఆ సన్న గీత కాపాడేస్తుంది, రైఫిల్ లాగా గురి చూసి కూడా కొన్ని క్లేలు పగలగొట్టేయొచ్చు, నేను ఎనిమిదేళ్ళూ సగం అలాగే కొడుతున్నానని ఈ గన్ పట్టుకునే దాకా నాకు తెలీదు. ఇక్కడ అది కుదరదు. పిట్టని చూడాలి, దాని ముందంచు చూడాలి, గన్ సంగతి చేతులకి వదిలేయాలి. ఆరు నెలల తర్వాత ఒకరోజు ఊరికే బెరెట్టా తీసుకెళ్ళా, వందకి 78 దగ్గర ఆగిపోయే నాకు ఆరోజు 84 వచ్చింది. గన్ అదే, తూటాలు అవే, కళ్ళు మారాయి.

రెండోది, కిందికి కొట్టడం. ఓవర్ అండర్ నుంచి వచ్చే ప్రతి ఒక్కరికీ దాదాపు ఇది ఎదురవుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తా. పక్కపక్కన ఉన్న సన్న గొట్టాలు నిలువుగా చూస్తే పల్చన, పేలేటప్పుడు కొస కిందికి ఒంగుతుంది. ఓవర్ అండర్‌లో గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి ఆ దిక్కున గట్టిగా ఉంటుంది. దీనికి తోడు స్టాక్ మీకు సరిపోకపోతే, చెంప ఆనే చోటు ఎత్తు తక్కువైతే, కన్ను కిందికి పోయి గన్ ఇంకా కిందికి కొడుతుంది. నేను మొదటి రెండు రౌండ్లు వందకి 52, 55 కొట్టి వచ్చి, ఇక క్లేస్ ఆపేసి పెద్ద కాగితం పెట్టి 16 గజాల నుంచి కాల్చి చూశా. నిదానంగా గురి పెట్టి కాదు, క్లేకి ఎత్తినట్టే ఎత్తి, ఒకే చుక్క మీద ఆరు తూటాలు. తూటాల్లోని సన్న గుళ్ళన్నీ కలిసి పడ్డ చోటు చుక్కకి మూడంగుళాలు కింద ఉంది. 16 గజాల దగ్గర ఒక అంగుళం తేడా అంటే స్టాక్ మీద అంగుళంలో పదహారో వంతు మార్చాలని లెక్క. మూడంగుళాలంటే పదహారింట మూడు వంతులు. తాళ్ళతో కట్టుకునే తోలు చెంప ప్యాడ్ ఒకటి తెచ్చి కింద పల్చటి పొరలు పెట్టుకుంటూ ఆ ఎత్తు తెచ్చా, మళ్ళీ కాగితం మీద కాల్చా, చుక్క మీదికి వచ్చింది. తర్వాతి ఆదివారం 66. దయచేసి ఎవరైనా ఈ గన్ కొంటే ముందు ఈ పని చేయండి, నెల రోజుల నిరాశ తప్పుతుంది, "సైడ్ బై సైడ్ నాకు పడదు" అని అమ్మేసిన వాళ్ళలో సగం మందికి ఆ కాగితం చూసుకునుంటే పడేది అని నా నమ్మకం.

ఇక ట్రిగ్గర్లు. అసలు నేను ఈ గన్‌ని ప్రేమించేది దీనికోసం.

ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానికి, వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానికి. కుడి దాంట్లో ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే వదులు చోక్ పెడతా, దగ్గర పిట్టకి, గుళ్ళు త్వరగా విచ్చుకుంటాయి. ఎడమ దాంట్లో మాడిఫైడ్ అనే కాస్త బిగుతు చోక్, దూరం పిట్టకి. 40 గజాల దగ్గర 30 అంగుళాల వలయంలో మొదటిది సుమారు సగం గుళ్ళు వేస్తే రెండోది వందకి 60 దాకా వేస్తుంది, లెక్కలో చిన్నగా ఉంది కానీ 35 గజాల పిట్ట మీద ఆ తేడా తెలుస్తుంది. సింగిల్ ట్రిగ్గర్ ఓవర్ అండర్‌లో కూడా ఏ గొట్టం ముందు పేలాలో సెలెక్టర్ ఉంటుంది, అయితే పిట్ట గాల్లోకి లేచాక దాన్ని మార్చే టైం ఎవరికి ఉంటుంది, ఏ బ్రాండైనా అంతే, ఇంటి దగ్గరే నిర్ణయం తీసుకుని వచ్చినట్టు. రెండు ట్రిగ్గర్లు ఉంటే నిర్ణయం వేలిది, పిట్టని చూశాక తీసుకునేది. ఇంకోటి, చాలా సింగిల్ ట్రిగ్గర్ గన్స్‌లో మొదటి తూటా తన్నితేనే రెండోదానికి ట్రిగ్గర్ సిద్ధమవుతుంది, మొదటిది పేలకపోతే రెండోదీ చేతికి రాదు. ఇక్కడ దేని దారి దానిదే.

అలవాటు కావడానికి మాత్రం నాకు నాలుగు నెలలు పట్టింది. జంట క్లేలు వచ్చినప్పుడు మొదటిది కొట్టి రెండోదానికి కూడా ముందు ట్రిగ్గరే నొక్కేవాడిని, గన్ పలకదు, పిట్ట పోతుంది. ఇంట్లో స్నాప్ క్యాప్స్ (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వేసి రోజూ రాత్రి పది నిమిషాలు, పిల్లలు పడుకున్నాక, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేసి, గోడ మూల వైపు ఎత్తడం, ముందు నొక్కడం, చెయ్యి వెనక్కి జారడం, వెనక నొక్కడం. ఇక్కడ ఆ తిన్నటి ఇంగ్లిష్ స్టాక్ ఎందుకో అర్థమైంది, నేను అందం కోసం అనుకున్నా, కాదు, పిస్టల్ గ్రిప్ ఉంటే చెయ్యి ఒకచోట ఇరుక్కుంటుంది, తిన్నగా ఉంటే అరచెయ్యి మొత్తం వెనక్కి జరిగి వేలు వెనక ట్రిగ్గర్ మీద సరిగ్గా పడుతుంది. వేలు ఒక్కటే వంచి అందుకోవాలని చూస్తే మాత్రం వెనక ట్రిగ్గర్ నొక్కినప్పుడు గన్ తన్ని ముందు ట్రిగ్గర్ వేలి వెనక తగులుతుంది, నాకు జూన్ అంతా వేలు కమిలిపోయి ఉంది.

సెప్టెంబర్ 1న గువ్వల సీజన్ మొదలైంది. టెక్సస్‌లో నార్త్, సెంట్రల్ జోన్లకి అదే మొదటి రోజు, మనిషికి రోజుకి పదిహేను. పొద్దుతిరుగుడు కోసిన చేను, పక్కన పశువుల నీళ్ళ కుంట, గట్టు మీద మెస్కీట్ చెట్లు. ఈ మెస్కీట్ మన సర్కారు తుమ్మకి దాయాదే, అదే ముళ్ళు, అవే కాయలు, దాని నీడలో స్టూల్ వేసుకుని కూర్చుంటే ఇంటి దగ్గర కంపల్లో కూర్చున్నట్టే ఉంటుంది నాకు. పొద్దున మామూలు గువ్వలు లేచి వెనక్కి పోయేవి, ముందు ట్రిగ్గర్, తర్వాత వెనకది, అలవాటైన వరస. తొమ్మిది దాటాక ఎదురుగా నీళ్ళ వైపు తెల్లరెక్కల గువ్వలు రెండు వచ్చాయి, ఎత్తుగా, నా మీదికే వస్తున్నాయి. ఎదురొచ్చే పిట్టకి వరస తిరగబడుతుంది, మొదటి దెబ్బప్పుడు దూరంలో ఉంటుంది, రెండో దెబ్బప్పటికి నెత్తి మీదికొచ్చేస్తుంది. ఆలోచించలేదు, వేలు దానంతటదే మొదట వెనక ట్రిగ్గర్ మీదికి పోయింది, బిగుతు చోక్, దూరంలోది రాలింది, చెయ్యి ముందుకి జారి రెండోది ముందు ట్రిగ్గర్‌తో దాదాపు నెత్తి మీద. ఎనిమిదేళ్ళలో ఓవర్ అండర్‌తో ఇంతకంటే కష్టమైన పిట్టలు కొట్టా, కానీ ఆ రెండూ నాకు ఇంకా కళ్ళముందే ఉన్నాయి. సాయంత్రం మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి వేపుడు చేశాం, గువ్వ మాంసం ఎర్రగా, గట్టిగా ఉంటుంది, ఎక్కువ సేపు ఉంచితే తోలైపోతుంది, పెద్ద మంట మీద గబగబా తీసేయాలి.

చేలో ఇంకో సుఖం ఉంది, గన్ తెరవడం. ఓవర్ అండర్‌లో కింది గొట్టంలో తూటా పెట్టాలంటే గన్ బాగా ఒంచి తెరవాలి, స్టూల్ మీద కూర్చుని ఉంటే గొట్టాలు మోకాలికో మట్టికో తగులుతాయి. ఇది కొంచెం తెరిస్తే చాలు, రెండు నోళ్ళూ ఒకే ఎత్తులో. ఎక్స్‌ట్రాక్టర్లు ఖాళీ తూటాలని ఎగరేయవు, కాస్త పైకి లేపి పెడతాయి, చేత్తో తీసి జేబులో వేసుకోవడమే, రైతు చేలో ప్లాస్టిక్ వదలకుండా రావడం నాకు ఇష్టం. అబ్బ కూడా అలాగే ఖాళీ తూటా జాగ్రత్తగా తీసి పెట్టుకునేవాడు.

ఇప్పుడు బాగోలేనివి. చేతి కింద చెక్క చాలా సన్నగా ఉంటుంది, స్ప్లింటర్ అంటారు, ముందు చెయ్యి సగం గొట్టాలనే పట్టుకుంటుంది, ఆగస్టులో ఇక్కడి ఎండకి నాలుగు స్టేషన్లు వరసగా ఆడితే గొట్టాలు పట్టుకోలేం. గొట్టాలకి తొడిగే తోలు తొడుగు దొరుకుతుంది, లేదా గ్లవ్, ఏదో ఒకటి ముందే కొనుక్కోండి. గన్ తేలిక, రోజంతా చేలో మోయడానికి హాయి, అదే తేలిక క్లేస్‌లో శత్రువు, 40 గజాల అవతల అడ్డంగా పోయే క్లేకి గన్ సాగుతూ పోవాలి, ఇది మధ్యలో ఆగిపోతుంది, బరువున్న ఓవర్ అండర్ తన వేగం తానే పట్టుకుని పోతుంది. ఇంకా, ఓవర్ అండర్ కింది గొట్టం భుజానికి తిన్నగా తన్నుతుంది, కొస పెద్దగా లేవదు, రెండో పిట్ట మీదికి త్వరగా వెళ్ళొచ్చు, పక్క గొట్టాలు పక్కకి కాస్త తిప్పుతూ తన్నుతాయి. పోటీల్లో అందరూ ఓవర్ అండరే ఎందుకు పడతారో ఈ రెండు సంగతుల్లోనే ఉంది. ఏడాది తర్వాత కూడా దీంతో నా స్కోర్ 70, 72 దగ్గరే ఉంది.

నా పీస్‌లో లోపాలంటే, వెనక ట్రిగ్గర్ కొత్తలో విపరీతమైన బిగువు, గన్‌స్మిత్ కొలిస్తే తొమ్మిది పౌండ్లు దాటింది, అయిదున్నరకి తగ్గించి, ట్రిగ్గర్ల పదును అంచులు కూడా నున్నగా చేశాడు, 140 డాలర్లయింది. చెక్కకీ ఇనుముకీ మధ్య ఒకచోట వెంట్రుకంత సందు ఉంది, దాన్ని అలాగే వదిలేశా. ఈ ధరకి చేతిపనిలో ఇంతకంటే ఆశించకూడదని చాలామంది అన్నారు, నేను ఒప్పుకోను, అంచులు నున్నగా రుద్దడానికి అరగంట పని, అది ఫ్యాక్టరీలోనే జరగాలి.

ఒక్క విషయం మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. నాలాగా ఇంట్లో 12 గేజ్, 20 గేజ్ రెండూ పెట్టుకుంటే రెండు రకాల తూటాలు ఎప్పుడూ ఒకే జేబులో, ఒకే సంచీలో కలవకూడదు. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ గొట్టంలో పడితే లోపలికి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, బయటికి చూస్తే ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, ఆ వెనకాల 12 గేజ్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలి చెయ్యి పోతుంది. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో చేసేదే ఇందుకు. నేను రెండు గన్‌లకీ తూటాల జేబులుండే రెండు వెస్ట్‌లు పెట్టుకున్నా, ఒకే రోజు రెండు గన్‌లు ఎప్పుడూ తీసుకెళ్ళను, ఇంటికొచ్చాక వెస్ట్ జేబులు తిరగేసి దులుపుతా. అలాగే పాత ఇంగ్లిష్, స్పానిష్ సైడ్ బై సైడ్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని కొనేవాళ్ళు చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు కొలిపించాకే తూటా పెట్టండి, పాతవాటిల్లో రెండున్నర అంగుళాలవి ఉంటాయి, ఇప్పటి తూటాలు రెండు ముప్పావు, మూడు. స్టీల్ గుళ్ళు కూడా ఆ పాత గొట్టాలకి పనికిరావు, బాతుల వేటకి అమెరికాలో 1991 నుంచి సీసం నిషేధం కాబట్టి ఆ పనికి కొత్త గన్ తీసుకోవడమే మంచిది.

ఎవరు కొనాలంటే, ఒకటే గన్ కొనగలిగే వాళ్ళు, క్లేసే ముఖ్యమనుకునే వాళ్ళు ఓవర్ అండరే కొనండి, దాంట్లో సందేహం లేదు. గువ్వలకీ క్వెయిల్‌కీ (కంజు లాంటి పిట్ట) రోజంతా నడిచే వాళ్ళు, ఓవర్ అండర్ చేతికి పూర్తిగా అలవాటై కళ్ళు బద్ధకించాయని అనిపించే వాళ్ళు ఇది కొనండి, నాలుగు నెలలు ఓపిక పట్టండి. ఎడమచేతి వాళ్ళు కొన్ని గన్‌లకి ట్రిగ్గర్ వంపు కుడిచేతికి తగ్గట్టు ఉంటుంది కాబట్టి వేలు పెట్టి చూసుకోవాలి. షాపులో గన్ ఖాళీ అని మీ కళ్ళతో చూసుకున్నాక, అటువైపు మనుషులెవరూ లేని గోడ చూసుకుని, కళ్ళు మూసుకుని భుజానికెత్తండి, చెంప ఆన్చండి, అప్పుడు కళ్ళు తెరవండి. రెండు గొట్టాల మధ్య రిబ్ మీద కన్ను సరిగ్గా నడుమ ఉంటే తీసుకోవచ్చు. పక్కకో కిందికో ఉంటే స్టాక్ సరిచేయడానికి ఎంతవుతుందో గన్‌స్మిత్‌ని అడిగి, ఆ డబ్బు ధరలో కలుపుకుని బేరం చేయండి.